చక్రం తిరగని గంటల లెక్క

డ్రైవర్ ఉద్యోగం వైపు చాలామందిని లాగేది బండి మీద ఇష్టమే. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు చేతికి తెలిసే బరువు, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న రోడ్డు, నెత్తిమీద కూర్చుని అజమాయిషీ చేసే మేనేజరు లేకపోవడం, ఇవన్నీ నిజంగా ఉన్న సుఖాలే. అయితే ఈ పని చేసి చేసి విసిగిపోయినవాళ్ల మాటల్లో బండి నడపడం మీద కోపం పెద్దగా వినిపించదు. లోడు ఎక్కేదాకా కాచుకున్న గంటలు, సగంలో తెగిన నిద్ర, ఖాళీ బండితో తిరిగొచ్చిన దూరాలు, ఇంట్లో ఉండాల్సిన రోజు దారిలోనే గడిచిపోవడం, వాళ్ల గోడు మొత్తం వీటి చుట్టూనే తిరుగుతుంది. ఈ వృత్తిలో దిగాలా వద్దా అని తూకం వేసేవాళ్లు అందుకే ముందుగా చక్రం తిరగని గంటలను చూడాలి. జీతం, ఆరోగ్యం, సంసారం మూడూ అక్కడే తేలతాయి.

డ్రైవర్ అనేది ఒక్క మాటే గానీ దాని కింద పది రకాల బతుకులున్నాయి. సిటీ బస్సు డ్రైవర్‌కు దారి మారదు, డ్యూటీ టైము ముందే తెలుస్తుంది, నెలజీతం వస్తుంది. బదులుగా వెనక బస్సు నిండా జనం, ముందు ట్రాఫిక్, చేతిలో ఎప్పుడూ వెనకబడే టైంటేబుల్. దూరం తిరిగే లారీ డ్రైవర్‌కు మనుషులతో గొడవ తక్కువ, కానీ పడక క్యాబిన్‌లోనే. ట్యాక్సీ డ్రైవర్ రాత్రికి ఇంటికి చేరతాడు, రాబడి మాత్రం రోజుకో తీరు. ఒకరి ఇంట్లో కారు డ్రైవర్‌గా చేరినవాడు నడిపేది రోజుకు రెండు మూడు గంటలైతే, మిగతాదంతా పిలుపు కోసం ఎదురుచూపు. డెలివరీ వ్యాన్ వాళ్లు డ్రైవింగ్ కంటే మెట్లెక్కడం, పెట్టెలు మోయడమే ఎక్కువ చేస్తారు.

ట్యాంకర్‌ది మరీ వేరే విద్య. సగం నిండిన ట్యాంకులో ద్రవం ఊగుతూ ఉంటుంది. బ్రేకు వేస్తే అది ముందుకు పొర్లి ట్యాంకు గోడను గుద్ది, ఆగబోతున్న బండిని మళ్లీ నెడుతుంది. లోపల అడ్డుపలకలు పెడితే ఆ ఊపు తగ్గుతుంది. పాలలాంటివి మోసే ట్యాంకుల్లో మాత్రం మూలలు కడగడం కష్టమని వాటిని తరచూ పెట్టరు. అలాంటి బండి నడిపేవాడు బ్రేకు మీద కాలు పెట్టకముందే ఆ రెండో తోపును లెక్కలో వేసుకుని ఉండాలి. ‘డ్రైవింగ్ అంటే ఇష్టం’ అన్నంత మాత్రాన ఇన్ని బతుకుల్లో ఏది సరిపడుతుందో తెలిసిపోదు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఎంత ఇస్తారన్నదానికంటే దేనికి ఇస్తారన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. గంటకా, కిలోమీటరుకా, ట్రిప్పుకా, నెలకా, లేక వసూలులో వాటానా? కిలోమీటరు లెక్కన, ట్రిప్పు లెక్కన ఇచ్చే చోట ఆగిన బండికి ఏమీ రాదు. 450 కిలోమీటర్ల ట్రిప్పు ఒకటి తీసుకుందాం. సగటున గంటకు 50 చొప్పున 9 గంటల డ్రైవింగ్. లోడు ఎక్కించే చోట 5 గంటలు, దింపే చోట 4 గంటలు కాచుకోవాల్సి వచ్చిందనుకుంటే మొత్తం 18 గంటలు. ట్రిప్పు డబ్బును 9తో భాగిస్తే మంచి కూలీ కనిపిస్తుంది. 18తో భాగిస్తే అందులో సగం. పనిలోకి పిలిచేవాళ్లు సహజంగా మొదటి లెక్కే చెబుతారు.

దీనిలో ఇంకో మెలిక ఉంది. ఆగిన గంటలకు డబ్బు కట్టనక్కర్లేనప్పుడు గిడ్డంగివాళ్లకు లారీని తొందరగా పంపేయాలన్న ఆత్రం ఉండదు. వాళ్ల ఆలస్యం వాళ్లకు ఉచితం, దాని ఖరీదు కట్టేది డ్రైవర్. పోయిన టైమును రోడ్డు మీద స్పీడుతో రాబట్టుకోవాలన్న టెన్షన్ కూడా అతనిదే. ఈ వృత్తిలో గంటలకు విలువ కట్టించుకోవడం ఎప్పుడూ కష్టంగానే ఉంది. అమెరికాలో 1938లో వచ్చిన కార్మిక ప్రమాణాల చట్టం ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు కూలీ ఇవ్వాలని చెప్పింది గానీ, రాష్ట్రాల మధ్య సరుకు తోలే లారీ డ్రైవర్లలో ఎక్కువమందిని ఆ నిబంధన బయటే నిలబెట్టింది.

యాప్‌ల కాలంలో ఇదే తగాదా కొత్త బట్టలు వేసుకుని వచ్చింది. ఉబర్ కేసులో 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ వృత్తిని ఎంచుకోబోయేవాళ్లు ఒకసారి తెలుసుకోదగ్గది. ఆ డ్రైవర్లు సొంత వ్యాపారులు కారు, కనీస వేతనం వంటి హక్కులున్న వర్కర్లు అని కోర్టు తేల్చింది. అంతకంటే ముఖ్యమైన సంగతి పని గంటల గురించి. ప్రయాణికుడు బండిలో ఉన్న సమయమే కాదు, తమకు అనుమతి ఉన్న ప్రాంతంలో యాప్‌లోకి లాగిన్ అయి, ట్రిప్పు వస్తే తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయం కూడా పనే అంది. అంటే ఎదురుచూపు కూడా పనేనని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది. చాలాచోట్ల ఇంకా ఆ మాట ఎవరూ ఒప్పుకోరు.

సొంత బండి కొనుక్కుని తిప్పుకుంటే ఈ గొడవ ఉండదనిపిస్తుంది. గొడవ ఉంటుంది, కాకపోతే అది డ్రైవర్ జేబులోకే చేరుతుంది. సాయంత్రం చేతిలో ఉన్న డబ్బులోంచి డీజిల్ ఖర్చు తీసేసి మిగిలింది లాభం అనుకోవడం ఈ రంగంలో అందరూ చేసే మొదటి తప్పు. డీజిల్ రోజూ కనిపిస్తుంది కాబట్టి గుర్తుంటుంది. టైర్లు, క్లచ్, బ్యాటరీ, ఇన్సూరెన్స్, బండి విలువ ఏటా కరిగిపోవడం, ఇవేవీ రోజూ కనిపించవు, కానీ ప్రతి కిలోమీటరులోనూ వాటి వంతు ఖర్చవుతూనే ఉంటుంది. ఖాళీ దూరం మరొకటి. ట్యాక్సీ రోజులో 200 కిలోమీటర్లు ప్రయాణికులతో, 120 కిలోమీటర్లు ఖాళీగా తిరిగిందంటే ప్రతి 8 కిలోమీటర్లలో 3 కిలోమీటర్లకు రాబడి లేదు. అరుగుదల మాత్రం ఎనిమిదింటికీ ఉంది. బండి మీద నెలవాయిదా ఉంటే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. జ్వరం వచ్చిన రోజున బండి ఆగుతుంది, వాయిదా ఆగదు. అనుభవం లేకుండా మొదటి ఏడాదే అప్పుచేసి బండి కొనడం దుస్సాహసమే. రెండు మూడేళ్లు ఒకరి దగ్గర జీతానికి తోలి, ఏ దారిలో తిరుగు లోడు దొరుకుతుందో, ఏ సరుకువాళ్లు టైముకు డబ్బిస్తారో తెలిశాక కొన్నవాళ్ల పరిస్థితి వేరు.

ఇక నిద్ర. ఈ వృత్తిలో ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే, అందుకే దీనిమీద కాస్త నిలబడాలి.

మనిషి శరీరానికి ఒక లోపలి గడియారం ఉంది. అర్ధరాత్రి దాటాక సుమారు 2 నుంచి 6 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్నం భోజనవేళ దాటాక అది మగతను తెస్తుంది. ధైర్యం, అనుభవం, బలమైన కాఫీ దాన్ని కాసేపు వెనక్కి నెట్టగలవేమో గానీ రద్దు చేయలేవు. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు నిద్రలేమిని మద్యంతో పోల్చి కొలిచారు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు సమానంగా పడిపోయిందని, 24 గంటలకు అది దాదాపు 0.10 శాతంతో సమానమైందని తేలింది. చాలా దేశాల్లో 0.05 దాటితే బండి నడపడం నేరం. తాగినవాణ్ణి ఊదించి పట్టుకోవచ్చు, నిద్రలేనివాణ్ణి పట్టే గొట్టం ఇంకా రోడ్డు మీదికి రాలేదు.

గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. కళ్లు తెరిచే ఉండి మెదడు నాలుగు సెకన్లు కునుకు తీస్తే 100 మీటర్లు ఎవరూ నడపని బండి వెళ్లినట్టు. ఇలాంటి కునుకు పట్టినట్టు పట్టినవాడికే చాలాసార్లు తెలియదు.

నియమాలు లేక కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లోనే రోడ్డు రవాణా కోసం 153వ నంబరు ఒప్పందం చేసింది. విరామం లేకుండా 4 గంటలకు మించి నడపకూడదు, రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు, 24 గంటల్లో కనీసం 10 గంటలు ఒకే విడతగా విశ్రాంతి ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా మూలసూత్రం అదే. చాలా కొద్ది దేశాలే దాన్ని ఆమోదించాయి. ఐరోపా యూనియన్ నిబంధన ప్రకారం నాలుగున్నర గంటల డ్రైవింగ్ తర్వాత 45 నిమిషాల విరామం తప్పనిసరి, రోజుకు మామూలుగా 9 గంటలు, రెండు వారాలు కలిపి 90 గంటలు పరిమితి. అమెరికాలో సరుకు లారీకి 11 గంటల డ్రైవింగ్ వరకు అనుమతి, కానీ ఆ పదకొండూ డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే అయిపోవాలి.

ఈ 14 గంటల నియమం మంచి ఉద్దేశంతో పెట్టిందే. దాని పక్కన ఆగిన గంటలను పెట్టి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. లోడింగ్ దగ్గర 5 గంటలు పోతే డ్రైవర్‌కు మిగిలేది 9 గంటలు. గడియారం ఆగదు, గమ్యం దగ్గరకు రాదు. అప్పుడు మనిషి రెండు పనుల్లో ఒకటి చేస్తాడు: తొందరపడతాడు, లేదా లెక్క మారుస్తాడు. పని గంటలను కాగితపు పుస్తకాల్లో రాసుకునే కాలంలో రెండోది సులువు, ఒకే డ్రైవర్‌కు రెండు లాగ్‌బుక్కులు ఉండటం అందరికీ తెలిసిన రహస్యం. ఐరోపాలో 2006 నుంచి కొత్త లారీలకు డిజిటల్ టాకోగ్రాఫ్ (నడిపిన, ఆగిన గంటలను నమోదు చేసే పరికరం), అమెరికాలో 2017 చివరి నుంచి ఎలక్ట్రానిక్ నమోదు తప్పనిసరి అయ్యాక అబద్ధం కష్టమైంది. తొందర మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇలాంటి పరికరం బండిలో ఉందా లేదా అన్నది ఆ యాజమాన్యం గురించి చాలా చెబుతుంది. దాన్ని నిఘాగా చూసి విసుక్కునే డ్రైవర్లు ఉన్నారు, అందులో అర్థముంది. కానీ ‘ఇంకో రెండు గంటలు తోలెయ్, ఏం కాదులే’ అనే ఓనరుకు ఎదురుగా చూపించడానికి డ్రైవర్ చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం కూడా అదే.

శరీరం విషయంలో ఒక పాత కథ ఉంది. లండన్ రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్ రోజంతా కూర్చునేవాడు, కండక్టరు టికెట్ల కోసం పైకీ కిందికీ తిరిగేవాడు, షిఫ్టుకు కొన్ని వందల మెట్లు. జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడి బృందం లండన్ రవాణా సిబ్బంది సుమారు 31,000 మందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించింది. ఒకే బస్సు, ఒకే పొగ, ఒకే తరగతి మనుషులు, అయినా గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ, వచ్చినా కాస్త పెద్ద వయసులో, తక్కువ తీవ్రతతో. వ్యాయామానికి, గుండెకు సంబంధం ఉందని వైద్యశాస్త్రం గట్టిగా పట్టించుకోవడం ఆ తర్వాతే. అయితే అదే బృందం మూడేళ్లకు యూనిఫాం కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల నడుము చుట్టుకొలత చేరిన కొత్తలోనే కండక్టర్ల కంటే ఎక్కువగా ఉంది. కాబట్టి తప్పంతా సీటుదే అనలేం. సీటు చేసే హాని మాత్రం కొట్టిపారేయలేనిది.

నడుము సంగతి చెప్పనక్కర్లేదు, పెద్ద బండి నడిపినవాళ్లందరికీ తెలిసిందే. డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. ఆ ఏడాదే ఒక ప్రముఖ వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ముఖం అది. అద్దం వైపున్న ఎడమ చెంప మందమైపోయి ముడతలు దేరి ఉంది, కుడి చెంప చాలా చిన్న వయసువాడిదిలా ఉంది. పక్క అద్దం ఎండ వేడిని తగ్గించినా అతినీలలోహిత కిరణాల్లో యూవీఏను చాలావరకు లోపలికి రానిస్తుంది. కిటికీకి ఒక చిన్న తెర గుడ్డ, పొడుగు చేతుల చొక్కా పెద్ద ఖర్చేం కాదు గానీ, ఎవరూ చెప్పరు.

వీటన్నిటికంటే చిన్నదిగా కనిపించి రోజూ ఏడిపించేది మరుగుదొడ్డి. ఆపడానికి చోటు ఉండదు, చోటున్నచోట ఆపే టైము ఉండదు. నీళ్లు తక్కువ తాగడం అలవాటవుతుంది, దాంతో మూత్రంలో రాళ్లు, ఇన్‌ఫెక్షన్లు. మహిళా డ్రైవర్లు ఇంకా తక్కువగా ఉండటానికి బలం చాలకపోవడం కారణమని చెప్పేవాళ్లు పవర్ స్టీరింగ్ ఎప్పుడో వచ్చిందని మర్చిపోతారు. రాత్రి బండి ఆపి భయం లేకుండా పడుకునే చోటు, తలుపుకు గడియ ఉండే మరుగుదొడ్డి, ఈ రెండూ ఉన్న దారుల్లో లెక్క వేరుగా ఉంటుంది. ఇక్కడ కూడా సమస్య బండి ఆగినప్పటిదే.

చదువు అబ్బనివాడి పని అని ఈ వృత్తిని చిన్నచూపు చూసేవాళ్లకు చెప్పదగ్గ సంగతి ఒకటుంది. లండన్ నల్ల ట్యాక్సీ లైసెన్సు కావాలంటే నగరం నడిబొడ్డున ఉన్న చారింగ్ క్రాస్ చుట్టూ 6 మైళ్లలో ఉన్న సుమారు 25,000 వీధులు నోటికి రావాలి. ఆ పరీక్షకు సిద్ధం కావడానికి మామూలుగా మూడు నాలుగేళ్లు పడుతుంది. మెదడు శాస్త్రవేత్త ఎలియనార్ మగ్వైర్ బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదడును స్కాన్ చేస్తే, దారులను గుర్తుపెట్టుకోవడానికి ఉపయోగపడే హిప్పోక్యాంపస్ వెనక భాగం ఇతరుల కంటే పెద్దగా ఉంది. తర్వాత 2006లో అదే నగరపు బస్సు డ్రైవర్లతో పోల్చినప్పుడు కూడా తేడా ట్యాక్సీవాళ్ల వైపే కనిపించింది. రోజూ ఒకే దారిలో వెళ్లే పని, రోజూ కొత్త దారి వెతుక్కునే పని మెదడును ఒకేలా మలచవన్నమాట. ఇప్పుడు దారి ఫోను చెబుతోంది కాబట్టి ఈ విద్యకు కిరాయిలో దక్కే విలువ తగ్గింది. ఫోను మూగబోయిన చోట మాత్రం తేడా తెలుస్తుంది.

బండి తనంతట తానే నడుస్తుందట కదా, ఇంకా ఈ ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుంది అన్న సందేహం ఇరవై ఏళ్ల కుర్రాడికి రావడం సహజం. 2004లో అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగం ఎడారిలో డ్రైవర్ లేని బండ్ల పోటీ పెడితే అన్నిటికంటే ముందుకెళ్లింది కూడా సుమారు 12 కిలోమీటర్లకే ఆగిపోయింది. మరుసటి ఏడాది అయిదు బండ్లు పోటీ పూర్తిచేశాయి. 2020లో అమెరికాలోని ఫీనిక్స్ నగర శివార్లలో, గూగుల్ సోదర సంస్థ వేమో డ్రైవర్ సీటు ఖాళీగా ఉన్న ట్యాక్సీలను జనానికి తెరిచింది. కాబట్టి ఇదంతా కట్టుకథ అని తోసేయడం తప్పు. అలాగే రేపే ఉద్యోగాలు పోతాయనడమూ తొందరపాటే. గీతలు సరిగ్గా ఉన్న రహదారి మీద తిన్నగా పోయే పని యంత్రానికి ముందు దొరుకుతుంది. తాడు బిగించడం, సరుకు లెక్క చూసి సంతకం పెట్టించుకోవడం, చక్రాల కుర్చీలో ఉన్న ప్రయాణికుణ్ణి ఎక్కించడం, దారి మధ్యలో టైరు పేలితే ఏం చేయాలో తేల్చడం అంత తేలిగ్గా దొరకవు. చూడబోతే యంత్రం ముందు తీసుకునేది డ్రైవర్‌కు ఇష్టమైన గంటలను, వదిలేసేది విసిగించే గంటలను. ఇది కాస్త చేదు హాస్యమే.

ఇంకో సంగతి చేరేముందే తెలిసి ఉండాలి. ఈ వృత్తిలో పెట్టుబడంతా లైసెన్సే. వేరే ఉద్యోగంలో పొరపాటు చేస్తే చీవాట్లు పడతాయి. ఇక్కడ ఒక్క ప్రమాదం, తన తప్పు కాకపోయినా, కోర్టు మెట్లెక్కిస్తుంది, ఒక్కోసారి జీవనాధారాన్నే లాక్కుంటుంది. చూపు తగ్గినా, మూర్ఛ వచ్చినా, కొన్ని మందులు వాడాల్సి వచ్చినా అంతే. చేతిలో రెండో పని, కనీసం మెకానిక్ పనో, బండ్లు పంపే ఆఫీసు లెక్కల పనో, మెల్లగా నేర్చుకుంటూ ఉన్నవాడికి ఆ రోజు వచ్చినప్పుడు కాళ్ల కింద కొంచెం నేల ఉంటుంది.

ఇంత చదివినా తేలకపోతే చేయదగ్గ పని ఒకటుంది. ఎంచుకోవాలనుకుంటున్న రకం బండిలోనే, తెలిసిన డ్రైవర్ ఒప్పుకుంటే, వారం రోజులు పక్క సీట్లో తిరగాలి. చేతిలో చిన్న పుస్తకం ఉండాలి. అందులో మూడు వరుసలు: బండి కదిలిన గంటలు, కదలకుండా కాచుకున్న గంటలు, నిజంగా పడుకున్న గంటలు. కాచుకున్న గంటల పక్కన ఎవరి వల్ల ఆగాల్సి వచ్చిందో, ఆ గంటకు ఎవరైనా ఏమైనా ఇచ్చారో లేదో రాసుకోవాలి. వారం తర్వాత ఆ పుస్తకాన్ని తను ఒక్కడే చదివి ఊరుకోకుండా ఇంట్లోవాళ్ల ముందు కూడా పెట్టాలి. రెండో వరుసలో ఉన్న ప్రతి గంటకూ అటుపక్క ఇంట్లో ఒకరు తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు కాబట్టి, ఆ లెక్క మీద మాట్లాడే హక్కు వాళ్లకూ ఉంది.